ఉగాది సంబరాల్లో సహాయ బల్ల: ఎక్కడ పెడదాం, ఎవరు కూర్చుంటారు, ఏమి అడగకూడదు

సహాయ బల్ల బాధ్యురాలు, మార్చి 21

అందరికీ నమస్కారం. పండుగ మొన్న 19నే వెళ్లిపోయింది. మన న్యూజెర్సీ సంబరాలు మాత్రం ఎప్పటిలాగే హైస్కూలు హాలు దొరికిన రోజున, అంటే ఏప్రిల్ 18 శనివారం. ఏప్రిల్‌ను అమెరికాలో 2001 నుంచి లైంగిక హింసపై అవగాహన మాసంగా పాటిస్తున్నారు. అందుకని బాధితులకు సమాచారం, సహాయం అందించే ఒక బల్ల పెట్టుకోవడానికి కార్యవర్గం ఒప్పుకుంది. బల్లకు మాత్రమే ఒప్పుకుంది, మిగతావన్నీ మనం ఇక్కడ తేల్చుకోవాలి.

నేను ఎందుకు పట్టుబట్టానో కొందరికి తెలుసు. కొన్నేళ్ల క్రితం ఇలాంటి సంబరంలోనే వంటగదిలో పులిహోర సర్దుతున్నాను. ఒక అమ్మాయి పక్కకు వచ్చి గరిటెలు అందిస్తూ, నా ముఖం చూడకుండా, పడకగదిలో తనకు జరుగుతున్నది రెండు వాక్యాల్లో చెప్పింది. ఏమి చేయాలో తెలియక, మంచికే అనుకుని, నాకంటే పెద్దవారి చెవిన వేశాను. భోజనాలు ముగిసేలోపు ఆ మాట ఆమె భర్త దాకా వెళ్లింది. మళ్లీ ఆ అమ్మాయి మన కార్యక్రమాల్లో కనిపించలేదు.

నా ఆలోచన ఇది: ప్రవేశద్వారం పక్కనే పెద్ద బ్యానర్, దాని మీద ‘లైంగిక హింస బాధితులకు అండగా’ అని పెద్ద అక్షరాలు. మీ అభిప్రాయాలు రాయండి.

కోశాధికారి, మార్చి 21

బల్లకు అభ్యంతరం లేదమ్మా. బ్యానర్ విషయంలో మాత్రం సందేహం. పంచాంగ శ్రవణానికి వచ్చేవారికి గుమ్మంలోనే ఈ మాట కనిపించాలా? ‘మహిళా ఆరోగ్యం’ అంటే సరిపోదా? ఇంకొకటి, మొహమాటం లేకుండా అడుగుతున్నాను: రేపు ఎవరైనా వచ్చి మన దాతల్లోనే ఒకరి పేరు చెబితే మనం ఏమి చేస్తాం?

భోజనాల బాధ్యుడు, మార్చి 22

భోజనాల వరుస పక్కన పెట్టండి అక్కా. అక్కడైతే 700 మంది తప్పనిసరిగా దాటుతారు.

యువ విభాగం, మార్చి 22

అన్నయ్యా, ఆ 700 మంది చూస్తుండగా ఆ బల్ల దగ్గర ఎవరు ఆగుతారు? నాకే ఏదైనా జరిగి ఉంటే నేను ఆగను. బ్యానర్ చూసి మా అమ్మే నా చేయి పట్టుకుని పక్కకు లాగుతుంది.

మరుగుదొడ్డి తలుపుల లోపలివైపు చిన్న స్టిక్కర్లు అంటిద్దాం. గడియ పెట్టుకుని ఒంటరిగా ఉండే చోటు అదొక్కటే. వాటి మీద లైంగిక హింస బాధితులకు సహాయపడే రెయిన్ (RAINN) సంస్థ ఫోను నంబరు 800-656-4673 వేద్దాం. రాత్రీ పగలూ పలుకుతుంది. చివరి నాలుగు అంకెలను ఫోను మీటల అక్షరాలతో చదివితే ‘హోప్’ అని వస్తుంది, కాబట్టి కాగితం దాచుకోనక్కరలేదు, గుర్తుపెట్టుకుంటే చాలు. సంచుల్లో కరపత్రాలు మాత్రం వద్దు, సంచి ఇంటికి వెళ్లాక ఎవరు తెరుస్తారో మనకు తెలియదు. మగవారి మరుగుదొడ్లలో కూడా అంటించాలి. అబ్బాయిల మీద కూడా జరుగుతుంది, వాళ్లు ఇంకా తక్కువగా చెబుతారు.

ఆ రోజు మేమందరం జీన్స్ వేసుకుని వస్తామని ఒక ప్రతిపాదన. ఇటలీలో 1998లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఒక అత్యాచార కేసులో శిక్షను కొట్టేసింది. బిగుతైన జీన్స్ ఆమె సహకరించకుండా ఊడదీయలేరు కనుక ఆమె ఒప్పుకున్నట్టే అన్నది ఆ తీర్పులోని వాదన. అక్కడి మహిళా పార్లమెంటు సభ్యులు జీన్స్ వేసుకుని నిరసన తెలిపారు. బాధితులకు మద్దతుగా జీన్స్ వేసుకునే డెనిమ్ డే 1999లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది అందువల్లే. ‘ఏ బట్టలు వేసుకుంది’ అన్న ప్రశ్న మన దగ్గరే పుట్టిందనుకునేదాన్ని.

పెద్దల విభాగం, మార్చి 22

ఉగాదికి జీన్స్ ఏమిటమ్మా! మీ డెనిమ్ డే ఏప్రిల్ చివరి బుధవారం కదా, ఈసారి 29న వస్తుంది. ఆ రోజు వేసుకోండి, నేను కూడా వేసుకుంటాను, మా అమ్మాయిది ఒకటి బీరువాలో ఉంది. 18న మాత్రం పట్టుచీరలే.

కోశాధికారి గారూ, మీరు అడిగింది మంచి ప్రశ్న, కానీ అందులో ఒక పాత వాసన ఉంది. 1978లో నేను హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాను. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై పోలీసులే అత్యాచారం చేశారు, భర్తను కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కానీ ఆ విచారణలో పోలీసుల తరఫువారు మొదటి నుంచి చివరి దాకా పట్టుకున్నది ఒక్కటే, ఆమె నడత. కేసును రాయచూరుకు మార్చారు, నిందితులు బయటపడ్డారు. ఆమె పేరు మాత్రం ఊరంతటి నోట మిగిలిపోయింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమని మన దేశంలో చట్టం వచ్చింది 1983లో. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనం కూడా ‘ఎవరమ్మాయి, ఎవరింటి కోడలు’ అనే దగ్గరే మొదలుపెడతాం. ఈ సంవత్సరం పేరే ‘పరాభవ’. పరాభవం ఎవరి ఖాతాలో రాయాలో ఈసారైనా సరిగ్గా రాద్దాం.

సహాయ బల్ల బాధ్యురాలు, మార్చి 23

బ్యానర్ ఆలోచన వెనక్కి తీసుకుంటున్నాను. యువ విభాగం చెల్లెలు చెప్పిందే నిజం. నేను బల్లను మనకు కనిపించేలా పెట్టాలనుకున్నాను, వచ్చేవారు కనిపించకుండా ఉండాలన్న సంగతి మరిచాను. బోర్డు మీద ‘ఆరోగ్యం, చట్టం, వీసా సమాచారం’ అని ఉంటుంది. లోపలి కాగితంలో మాత్రం మాటలు సూటిగా ఉండాలి: అత్యాచారం, లైంగిక వేధింపు, పిల్లలపై లైంగిక హింస. అక్కడ కూడా ‘మహిళా సమస్యలు’ అని రాస్తే, చదివిన మనిషి తనకు జరిగింది ఇందులోకి రాదేమో అనుకుంటుంది.

కోశాధికారి గారి రెండో ప్రశ్నకు నా జవాబు: మనం పంచాయితీ పెట్టం. ఇద్దరినీ పిలిపించం, రాజీ మాట్లాడం, ఆరోపణ నిజమా కాదా తేల్చం. అది మన పని కాదు, మనకు చేతకాదు కూడా. ఆమె ఏమి చేయాలనుకుంటే అందుకు దారి చూపిస్తాం. ఆమె భయపడే మనిషి దాత అయినా సరే, ఆ రోజు వేదిక మీదికి, పిల్లల గదుల వైపు రాడు. ఆమె ఒప్పుకుంటేనే, కారణం ఎవరికీ చెప్పకుండా అధ్యక్షుల వారు ఆ ఏర్పాటు చేస్తారు. దీన్ని కార్యవర్గం రాతపూర్వకంగా ఆమోదించాలి. నోటిమాట మీద నాకు నమ్మకం లేదు.

బాధితురాలి చేత వేదిక మీద మాట్లాడించాలని ఇద్దరు నాకు విడిగా రాశారు. వద్దు. ఆ ప్రసంగం వీడియో రాత్రికల్లా గుంటూరు, కరీంనగర్ దాకా వెళుతుంది.

న్యాయ సలహా (వలస చట్టం), మార్చి 24

బల్ల దగ్గర కూర్చునేవారికి తెలియవలసినవి రాస్తున్నాను. వీటిని చదివి వినిపించకండి, అడిగినప్పుడు తడుముకోకుండా ఉంటే చాలు.

మనవారిలో ఎక్కువమందికి ఉన్న అపోహ: ‘భర్త కదా, అది నేరం ఎలా అవుతుంది?’ భారతదేశపు శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలో 18 ఏళ్లు దాటిన భార్య విషయంలో భర్తకు అత్యాచార నేరం నుంచి మినహాయింపు ఇప్పటికీ ఉంది. ఇక్కడ లేదు. న్యూజెర్సీలో 1979లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతిలోనే పెళ్లి రక్షణ కాదని రాశారు. 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలలోనూ అది నేరమైంది. ఈ ఒక్క వాక్యం విని ఏడ్చినవారిని నేను చూశాను.

రెండోది ఆసుపత్రి. ఈ రాష్ట్రంలో ఘటన జరిగిన 5 రోజుల లోపు, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు చేత సాక్ష్యాలు సేకరించే పరీక్ష చేయించుకోవచ్చు. ఫీజు ఉండదు. పోలీసు ఫిర్యాదు ఇవ్వాలన్న షరతు కూడా ఉండదు, ఈ రెండూ సమాఖ్య చట్టం ఇచ్చిన హామీలు. వీలైతే స్నానం చేయకుండా, ఆనాటి బట్టలు ఉతకకుండా వెళ్లడం మేలు. చేసేసి ఉన్నా వెళ్లవచ్చు. ఆసుపత్రిలో ‘తెలుగు’ అన్న ఒక్క మాట చెబితే దుబాసీని ఏర్పాటు చేయాలి. భర్తనో అత్తగారినో దుబాసీగా ఒప్పుకోనవసరం లేదు.

మూడోది వీసా భయం. ‘ఫిర్యాదు చేస్తే వెనక్కి పంపేస్తారు’ అని బెదిరించడం మామూలే. లైంగిక దాడి వంటి నేరాల బాధితులు దర్యాప్తుకు సహకరిస్తే యు వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్-4 (ఉద్యోగ వీసా మీద ఉన్నవారి కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా) మీద ఉన్నవారు కూడా అర్హులే. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కనుక నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ సంగతి దాచకుండా చెప్పాలి, లేనిపోని ఆశ పెట్టకూడదు.

మరొక్కటి. రాష్ట్రంలోని 21 కౌంటీలలోనూ శిక్షణ పొందిన సహాయకులు ఉన్నారు, వారితో చెప్పిన మాటలకు చట్టపరమైన గోప్యత ఉంది. మనతో చెప్పిన మాటలకు లేదు. అందుకే ఏమీ రాసుకోకండి, వివరాలు అడగకండి, వారికి అప్పగించండి. దక్షిణాసియా మహిళల కోసం 1985లో ఇదే రాష్ట్రంలో మొదలైన మానవి సంస్థ కరపత్రాలు తప్పకుండా ఉంచండి.

సహాయ బల్ల బాధ్యురాలు, మార్చి 24

ధన్యవాదాలు సార్. బల్ల దగ్గర కూర్చునేవారికి నాలుగు మాటలు చాలు: ‘మీరు చెప్పింది నమ్ముతున్నాను. తప్పు మీది కాదు. ఇప్పుడు ఇంటికి వెళ్లడం క్షేమమేనా? మీకు ఏమి చేయాలని ఉంది?’ ‘ఎందుకు అరవలేదు’, ‘ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు’, ‘పిల్లల ముఖం చూసి సర్దుకో’ అనేవి నోటికి రాకూడదు. భయంతో శరీరం కొయ్యబారిపోవడం మామూలే, అరవకపోవడం ఒప్పుకోవడం కాదు. నేను ఆనాడు చెప్పవలసిన మొదటి మాట కూడా చెప్పలేదు, ‘అయ్యో’ అన్నాను.

సాంస్కృతిక విభాగం, మార్చి 25

ఇంతసేపూ బల్ల గురించే మాట్లాడుతున్నాం, మన గ్రీన్ రూమ్ సంగతి చూద్దామా? పోయిన ఏడాది పిల్లలు దుస్తులు మార్చుకుంటుంటే ఫోటోగ్రాఫర్, ఇద్దరు తండ్రులు, ఎవరో తాతగారు లోపలే తిరిగారు. ఎవరూ ఆపలేదు, నేనూ ఆపలేదు. భారత జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో ఏటా 90 శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు తెలిసినవాడే. ‘మనవాళ్లే కదా’ అన్న ధీమాకు అర్థం లేదు.

ఈసారి ఇలా చేద్దాం. తలుపు దగ్గర ఎప్పుడూ ఇద్దరు, ఒకే కుటుంబం వారు కాకూడదు. లోపల ఫోను తీయకూడదు. పెద్దవారు ఎవరూ ఒక పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, నృత్య గురువులతో సహా. మేకప్‌కు వచ్చేవారి పేర్లు ముందే ఇవ్వాలి. వ్యాఖ్యాతలకు ప్రత్యేక విన్నపం: బహుమతులప్పుడు ‘అంకుల్‌కు ముద్దు పెట్టమ్మా’ అనకండి. పాప వద్దంటే వద్దు, నమస్కారం పెడుతుంది.

న్యాయ సలహా, మార్చి 25

పిల్లల విషయంలో గోప్యత నియమం వేరు. న్యూజెర్సీలో ఒక బిడ్డపై హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా, వాలంటీర్ అయినా సరే, రాష్ట్ర బాలల రక్షణ విభాగానికి వెంటనే తెలియజేయాలి. ముందు కార్యవర్గాన్ని అడుగుదాం అనుకోకూడదు. పిల్లలకు ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు.

కోశాధికారి, మార్చి 26

గ్రీన్ రూమ్ నియమాలు, దాతల నియమం రెండూ కార్యవర్గం ముందు నేనే పెడతాను. ఆ మాట నా నోటి నుంచి వస్తే ఎదురు చెప్పడం కష్టం. స్టిక్కర్లకు ఎంత అవుతుందో చెప్పండి.

యువ విభాగం, మార్చి 26

హాలుకు వెళ్లి చూసి వచ్చాను. ఆడవారివైపు 9 తలుపులు, మగవారివైపు 4, వికలాంగుల గది ఒకటి. చిరిగిపోతే మార్చడానికి మరికొన్ని కలిపి 30 చాలు. కళాశాల ముద్రణ గదిలో నేనే వేయిస్తాను, డబ్బు వద్దు. రంగు నీలిపచ్చ, ఈ మాసానికి ఆ రంగే వాడతారు. బల్లకు గ్రంథాలయం వైపు నడవా బాగుంది. రెండు వైపులా తలుపులు ఉన్నాయి, వచ్చిన దారినే వెళ్లనవసరం లేదు. ఒక్కటే చిక్కు, ఆ నడవాలోకి ఎవరైనా ఎందుకు వెళతారు?

భోజనాల బాధ్యుడు, మార్చి 26

టీ అక్కడ పెడతాను. పోయిన ఏడాది భోజనాల బల్ల మీద పెడితే వరుస ఆగిపోయింది, ఎలాగూ మార్చాలనుకున్నాను. అల్లం టీ రెండు క్యాన్లు, కాఫీ ఒకటి. పంచదార ముందే కలపను, చెంచాలతో పక్కన పెడతాను. కలుపుకోవడానికి కాసేపు నిలబడాలి కదా.