అప్‌డేట్: బరువులెత్తడం మొదలుపెట్టాక పెరిగిన బరువు, కారణం తెలిసింది

పర్లాకిమిడిలో జిమ్‌లో చేరిన కొత్తలోనే రెండు కిలోలు పెరిగాను, ప్యాంటు తొడల దగ్గర పట్టేస్తోంది, మానేయాలా అని ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అది కొవ్వు కాదు, నీరు అన్నవారి మాటే నిజమైంది. బరంపురంలో ఫిజియోథెరపిస్టుకు చూపించుకున్నాను. అలవాటు లేని శ్రమకు కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి, అవి మానేటప్పుడు కాస్త వాపు వస్తుంది. పైగా కండరం శక్తి కోసం గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని ఎక్కువగా దాచుకుంటుంది. గ్రాము గ్లైకోజన్‌తో దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది. ఆవిడ నా పిక్కను బొటనవేలితో గట్టిగా నొక్కి, గుంట పడలేదని, అంటే చర్మం కింద నీరు చేరే జబ్బు వాపులా లేదని చూపించారు. రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయి కాబట్టి భయం లేదన్నారు. ఒక్క కాలే వాచినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇది దయచేసి గుర్తుంచుకోండి.

థైరాయిడ్ పరీక్ష మామూలుగానే వచ్చింది. పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) మానేయమన్న సలహాతో పని పడలేదు. పెరుగు కలుపుకుని హాయిగా తింటున్నాను.

నాకు బాగా పనికొచ్చింది, రోజూ బరువు చూసుకోవడం ఆపి వారానికోసారి పొద్దున్నే పరగడుపున బొడ్డు దగ్గర టేపుతో కొలవమన్న సూచన. బరువు ఇంకా కిలో ఎక్కువే ఉంది, నడుము మాత్రం 3 సెంటీమీటర్లు తగ్గింది. ఆ ప్యాంటు మళ్లీ వేసుకుంటున్నాను.