సతోపంథ్‌కి 21 రోజుల ప్లాన్ కుదరడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గుట్టలదారి:
రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు ఒంటిగంట దాటింది. ఉత్తరాఖండ్‌లో గంగోత్రి దగ్గరి సతోపంథ్ శిఖరం (7,075 మీటర్లు) కోసం రోజువారీ ప్లాన్ వేస్తున్నాను, ఎటు సర్దినా రోజులు చాలడం లేదు. గంగోత్రి, భోజ్‌బాసా, నందన్‌వన్, వాసుకి తాల్ బేస్ క్యాంప్, అక్కడి నుంచి క్యాంప్ 1, క్యాంప్ 2, సమిట్. ఒక రెస్ట్ డే పెడితే తిరుగు విమానం తప్పిపోతోంది. తీసేస్తే ఎవరికో ఒకరికి తలనొప్పి మొదలవుతుందేమోనని టెన్షన్. ఏడుసార్లు చెరిపి రాశాను. నాలుగు ఏజెన్సీలను అడిగితే నాలుగు లెక్కలు పంపాయి. హిమపాతానికి ఎన్ని రోజులు అదనంగా పెట్టుకోవాలో ఎవరూ సూటిగా చెప్పడం లేదు. ఐఎంఎఫ్ (ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్) దరఖాస్తు కూడా సభ్యుల వివరాల దగ్గర ఆగిపోయింది. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా సరైన షెడ్యూల్ ఇవ్వగలరా? చాలా అర్జెంట్.

నిమ్ 2011 బ్యాచ్:
ఏ నెల? ఎంతమంది? ఎవరు ఏ కోర్సు చేశారు? ఇవి రాయకుండా షెడ్యూల్ అడగకండి.

గుట్టలదారి:
అన్నా, టీమ్ బాగానే ఉంది. అందరం ఫిట్. ఇద్దరం బీఎంసీ (బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు) చేశాం, మిగతావాళ్ళకి ట్రెక్కింగ్ అనుభవం చాలా ఉంది. నాకు కావాల్సింది రోజుల లెక్క మాత్రమే.

వంటిల్లు విజయనగరం:
రోజుల సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు. నేను వంట గురించి చెప్తాను, ఎందుకంటే దీన్ని అందరూ ఆఖరున ఆలోచిస్తారు. వాసుకి తాల్ దగ్గర నీళ్ళు 84 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. పైన 6,000 మీటర్ల దగ్గర 80. మామూలు గిన్నెలో అన్నం వండితే గంట సేపు స్టవ్ మండినా లోపల పలుకు మిగిలే ఉంటుంది. కందిపప్పు అసలు ఉడకదు. బేస్ క్యాంప్‌లో ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. పై క్యాంపుల్లో అన్నం మాట మర్చిపోయి అటుకులు, వేయించిన సేమియా, సత్తుపిండి, బెల్లం పెట్టుకోండి. వేడినీళ్ళు పోస్తే చాలు. ఆకలి చచ్చిపోయే ఎత్తులో నాలుకకి కారం తగిలితేనే నాలుగు ముద్దలు దిగుతాయి, అందుకని చింతకాయ పచ్చడి చిన్న డబ్బా ఒకటి. నూనె పైకి తేలే పచ్చళ్ళు వద్దు, చలికి గడ్డకట్టి మూత రాదు.

ఇంధనం ఇంకా ముఖ్యం. క్యాంప్ 1 దాటాక తాగే ప్రతి చుక్కా మంచు కరిగించుకోవాల్సిందే. మనిషికి రోజుకి మూడు, నాలుగు లీటర్లు. గ్యాస్ క్యానిస్టర్లు విమానంలో ఎక్కించనివ్వరు, చెక్-ఇన్ లగేజీలో కూడా. ఏజెన్సీకి ముందే చెప్పి అక్కడికి తెప్పించుకోండి. ఎంతమంది వెళ్తున్నారో చెప్తే లెక్క వేసి పెడతాను.

భువనగిరి తాడు:
తమ్ముడూ, నీ షీట్ చూడకుండానే తప్పు ఎక్కడుందో చెప్పగలను. నడిచే రోజుల్ని లెక్కపెట్టావు, పడుకునే ఎత్తుని లెక్కపెట్టలేదు.

3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కన్నా పెరగకూడదు, మూడు నాలుగు రోజులకి ఒక రోజు ఆగాలి. ఇది ఎత్తుల వైద్యం తెలిసినవాళ్ళందరూ చెప్పే మాట. ఇప్పుడు నీ దారి చూడు. గంగోత్రి సుమారు 3,100. భోజ్‌బాసా 3,800. నందన్‌వన్ 4,340. వాసుకి తాల్ 4,900 దగ్గర. ఏ రెండు మజిలీల మధ్య చూసినా 500 దాటిపోతోంది. మధ్యలో గుడారం వేసుకునే చోట్లు తక్కువ కాబట్టి ఎత్తు తగ్గించలేవు. ప్రతి చోటా రెండు రాత్రులు పడుకోవడం ఒక్కటే మార్గం.

అలా లెక్కపెడితే హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్ మీదుగా గంగోత్రికి 3 రోజులు. ఉత్తరకాశీలో అటవీశాఖ అనుమతులకి, సరుకులకి 1. గంగోత్రిలో అదనంగా 1. భోజ్‌బాసా 2, నందన్‌వన్ 2, వాసుకి తాల్ చేరడానికి, అక్కడ ఆగడానికి 2. మొత్తం 11 రోజులు. ఇంకా మంచుమీద క్రాంపాన్ (బూటుకి కట్టే ఇనుప ముళ్ళు) పెట్టనే లేదు.

తరవాత క్యాంప్ 1కి సామాను మోసి పెట్టి (లోడ్ ఫెర్రీ) కిందికి రావడం 1, రెస్ట్ 1, క్యాంప్ 1కి మారడం 1, రిడ్జ్ (కొండ పై అంచు) మీద తాడు బిగించడానికి తక్కువలో తక్కువ 2, క్యాంప్ 2కి సామాను 1, బేస్‌కి దిగడం 1, ఒళ్ళు కోలుకోవడానికి 2. ఇరవయ్యో రోజు వచ్చేసింది. అప్పుడు మొదలవుతుంది అసలు సమిట్ పుష్ (శిఖరానికి ఆఖరి ప్రయత్నం), ఎక్కి బేస్‌కి దిగేసరికి 5 రోజులు. వాతావరణానికి 3. ఇంటికి రావడానికి 4. మొత్తం 32. హాప్‌లు (హై ఆల్టిట్యూడ్ పోర్టర్లు) మీరు బేస్‌కి వచ్చేలోపే రూట్ తెరిచి పెడితే 28కి తేవచ్చు. 21లో అవదు. అవుతుందని ఏ ఏజెన్సీ అయినా రాసిచ్చిందంటే రెస్ట్ రోజులు తీసేసి ఉంటుంది, ఆ కాగితం మళ్ళీ చూడు.

గుట్టలదారి:
32 రోజుల సెలవు ఎవరు ఇస్తారన్నా? 😞 ఫిట్‌గా ఉన్నవాళ్ళకి కూడా అంత నెమ్మది అవసరమా? మేమందరం హాఫ్ మారథాన్ పరిగెత్తేవాళ్ళం.

కర్నూలు వైద్యుడు:
అవసరమే. కింద ఎంత వేగంగా పరిగెత్తగలరు అన్నదానికీ, పైన జబ్బు పడతారా లేదా అన్నదానికీ సంబంధం లేదు. పైగా పరిగెత్తేవాళ్ళు తొందరగా ఎక్కేసి ఎక్కువగా ఇబ్బంది పడటం నేను చూశాను. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర డయామాక్స్ గురించి అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నాను: నివారణకి సాధారణంగా 125 మిల్లీగ్రాములు ఉదయం, సాయంత్రం, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్ళు మీ డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. ఇది ఒంటికి అలవాటు పడే పనిని కొంచెం తొందర చేస్తుంది, రెస్ట్ రోజుకి బదులు కాదు.

అందరూ నేర్చుకుని వెళ్ళాల్సినవి రెండు గుర్తులు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించండి. సూటిగా గీత మీద నడవమంటే తూలిపోతుంటే మెదడు వాస్తోంది. రెండింటికీ మొదటి మందు కిందికి దించడమే, రాత్రయినా సరే. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

తెనాలి భాష:
మూల ప్రశ్నలో ఒక పదం దగ్గర ఆగిపోయాను. "హిమపాతానికి ఎన్ని రోజులు" అన్నారు. వర్షపాతం అంటే వాన కురవడం. అలాగే హిమపాతం అంటే మంచు కురవడం. కానీ పత్రికలు అవలాంచ్‌ని (పేరుకున్న మంచు ఒక్కసారిగా వాలు మీద నుంచి జారిపడటాన్ని) కూడా హిమపాతం అనే రాస్తున్నాయి. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డండా శిఖరం మీద 29 మంది చనిపోయినప్పుడు తెలుగు వార్తల్లో అదే పదం చూశాను. చదివినవాళ్ళకి మంచు కురిసి చనిపోయారని అర్థమవుతుంది. మీరు అడుగుతున్నది ఏ హిమపాతం? అవలాంచ్ అయితే "మంచుచరియలు విరిగిపడటం" అనండి, కొండచరియలు అన్నట్టే.

భువనగిరి తాడు:
చరియ అన్నా పూర్తిగా సరిపోదండీ. గట్టి పలకలాగా ఒక్కసారి తెగి జారేది ఒకటి, ఒక చోట మొదలై పొడి మంచుని కలుపుకుంటూ వచ్చేది ఇంకొకటి. రెండోదాన్ని చరియ విరిగిందని అనలేం.

తెనాలి భాష:
అయితే రెండింటికీ రెండు పదాలు ఉండాలి. ఒకటి మంచుపలక, ఇంకొకటి మంచుజారు అనవచ్చు. పదం లేకపోతే ప్రమాదం మనసుకి పట్టదు, అందుకే ఇంత పట్టుపడుతున్నాను.

నిమ్ 2011 బ్యాచ్:
కొండ మీద వాకీటాకీలో అవలాంచ్ అనే అంటారు. ఆ రోజు పోయినవాళ్ళు మా సంస్థ నిమ్ (నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్) వాళ్ళు. పదాల సంగతి వేరే చోట మాట్లాడుకోండి.

తెనాలి భాష:
క్షమించండి. బాధపెట్టాలని కాదు.

కొండమల్లి:
పదం దగ్గర అసలు ప్రశ్న దాక్కుని ఉంది, అందుకే నేను దానికే జవాబిస్తాను. మంచు కురవడమూ అవలాంచూ రెండు వేరువేరు లెక్కలు. మంచు కురిసిన రోజు గుడారంలో ఉంటాం, అది ఒక రోజు నష్టం. కానీ బాగా కురిసి ఆగాక ఎండ రాగానే బయలుదేరితే అదే ఎక్కువ ప్రమాదం. కొత్త మంచు కింది పొరతో అతుక్కోవడానికి కనీసం ఒకటి, రెండు రోజులు ఆగాలి. అంటే ఒక రోజు కురిస్తే మీకు మూడు రోజులు పోతాయి. వాతావరణానికి మూడు రోజులు పెట్టుకున్నానంటే ఒకే ఒక్క మంచుకి సరిపెట్టుకున్నట్టు.

సతోపంథ్‌లో ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది, ఎందుకంటే కత్తి అంచులాంటి రిడ్జ్ దాటకుండా పైకి పోలేరు. రెండు వైపులా జారుడు, మధ్యలో ఒక మనిషి నిలబడే మంచు అంచు. 1947లో మొదటిసారి ఎక్కిన స్విస్ బృందం దగ్గర్నుంచి అందరూ అక్కడే నెమ్మదిస్తారు. తాడు మీద ఒకరి తరవాత ఒకరే కదలాలి. కొత్త మంచు పడితే బిగించిన తాడు కనిపించదు, స్నో బార్లు (తాడు కట్టడానికి మంచులో దిగగొట్టే లోహపు బద్దలు) మళ్ళీ సరిచూసుకోవాలి. ఎండెక్కితే మంచు మెత్తబడి స్నో బార్ పట్టు సడలుతుంది. తెల్లవారకముందే దాటాలి, తిరిగి వచ్చేటప్పుడు కూడా టైము చూసుకోవాలి. అక్కడ జుమార్‌ని (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు) ఒక తాడు నుంచి ఇంకో తాడుకి మార్చుకోవడం రెండు జతల గ్లౌజులతో, చీకట్లో, చూడకుండా చేయగలగాలి. "ట్రెక్కింగ్ అనుభవం చాలా ఉంది" అన్నవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళకండి తమ్ముడూ. వాళ్ళ ప్రాణాలతో పాటు అదే తాడు మీద ఉన్న మీ ప్రాణాలు కూడా.

21 రోజులే ఉంటే అదే లోయలో భాగీరథి 2 (6,512 మీటర్లు) ఉంది. బేస్ క్యాంప్ నందన్‌వన్, అంటే వాసుకి తాల్ దాకా పోనక్కర్లేదు. నేను అదే ఎక్కాను. అక్కడా తేలిక కాదు, రాళ్ళు రాలే గల్లీ (కొండలో నిట్టనిలువు ఇరుకు సందు) ఉంది, హెల్మెట్ తీయకూడదు. కానీ రోజుల లెక్క సరిపోతుంది.

భువనగిరి తాడు:
అక్క చెప్పింది సరైన మాట. ఇంకో సంగతి. నెల చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను, వానాకాలం చివర్లో అయితే కొండ మీద కన్నా రోడ్డు మీద ఎక్కువ రోజులు పోతాయి. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీ ఊరు వరదకి ఏమైపోయిందో అందరం చూశాం. ఉత్తరకాశీ దాటాక ఒక్క చోట రోడ్డు తెగినా లోపలున్నవాళ్ళు లోపలే.

గుట్టలదారి:
అందరికీ నమస్కారం. కొంచెం అర్థమవుతోంది. ఐఎంఎఫ్ ఫారం సంగతి ఎవరూ చెప్పలేదు. సభ్యుల జాతీయత దగ్గర ఆగిపోయాను. మా బావమరిది డాలస్ నుంచి వస్తున్నాడు, అతనికి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది కదా, ఇండియన్ అనే రాయొచ్చా? కొండెక్కే సామాను మంచిది ఉందట, ఇన్‌రీచ్ (శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు పంపే పరికరం) కూడా తెస్తానన్నాడు, కాబట్టి కమ్యూనికేషన్ సమస్య లేదు.

డెట్రాయిట్ తెలుగు:
ఆగండి, ఆగండి. ఇది మొదటి లైన్లో రాయాల్సిన విషయం! ఓసీఐ అంటే పౌరసత్వం కాదు, అతను అమెరికా పౌరుడే. ఫారంలో ఇండియన్ అని రాస్తే అబద్ధం రాసినట్టు. 2021 మార్చిలో హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఓసీఐ ఉన్నవాళ్ళు ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సిన పనుల్లో పరిశోధన, మత ప్రచారం, జర్నలిజంతో పాటు పర్వతారోహణ అని పేరు పెట్టి మరీ రాశారు. ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) దగ్గర గానీ, అక్కడి భారత కాన్సులేట్ దగ్గర గానీ దరఖాస్తు చేసుకోవాలి. విదేశీయుడు ఒక్కడున్నా ఐఎంఎఫ్ దగ్గర మీ బృందం లెక్క మారుతుంది, ఫీజు, లైజన్ ఆఫీసర్ (బృందంతో పాటు పంపే అధికారి) అన్నీ. ముందు వాళ్ళకి ఫోన్ చేయండి.

ఇన్‌రీచ్ తేవద్దని ఈ రాత్రే చెప్పండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ పరికరం తెస్తే మన విమానాశ్రయాల్లో పట్టుకుంటారు, కేసు పెడతారు. ఇరిడియం, తురాయా ఫోన్లు అసలే నిషేధం. ఇన్‌రీచ్ నడిచేది ఇరిడియం మీదే. అమెరికాలో కొండెక్కేవాళ్ళందరి బ్యాగులో ఉంటుంది కాబట్టి అతనికి అనుమానం కూడా రాదు. నాకు తెలిసిన ఒకాయన అలా ఇరుక్కుని రెండు రోజులు తిరిగాడు.

కొండమల్లి:
అయితే మీ సహాయం పిలిచే మార్గం ఏంటి? నేపాల్‌లోలా ప్రైవేటు హెలికాప్టర్ వెంటనే రాదు ఇక్కడ. లైజన్ ఆఫీసర్, జిల్లా యంత్రాంగం, ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయ దళం) ద్వారా కబురు వెళ్ళాలి. వాసుకి తాల్ నుంచి కింద ఫోన్ దొరికే చోటికి ఎవరు పరిగెత్తుతారో ఇప్పుడే రాసుకోండి. ఇన్సూరెన్స్ కూడా చూడండి, మామూలు హెల్త్ పాలసీల్లో చాలావాటికి పర్వతారోహణ వర్తించదు. హాప్‌లకి కూడా చేయించండి, వాళ్ళు మీకోసం ముందు నడుస్తారు.

గుట్టలదారి:
ఇన్‌రీచ్ సంగతి తెలియదు. ఓసీఐ సంగతీ తెలియదు. బావమరిదికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను, అక్కడ మధ్యాహ్నం. అందరికీ థాంక్స్. భాగీరథి 2 గురించి అక్కా, మీకు మెసేజ్ పెడతాను.

వంటిల్లు విజయనగరం:
ఎంతమందో చెప్తే ఇంధనం లెక్క ఈ వారంలోనే వేసి పెడతాను.

నిమ్ 2011 బ్యాచ్:
నెల?