పింఛను "పెంపు" అనాలా, "పెరుగుదల" అనాలా?

గ్రూపులో అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టుకి బడ్జెట్ గురించి రాస్తూ "వృద్ధాప్య పింఛను పెరుగుదల" అని హెడ్డింగ్ పెట్టాడు, కాదు నాన్నా "పెంపు" అని రాయి అన్నాను, ఎందుకు అన్నాడు. పెరగడం దానంతట అది జరిగేది, పెంచాలంటే ఒకరు పూనుకోవాలి. అందుకే కందిపప్పు ధర "పెరిగింది" అంటాం, పింఛను మాత్రం "పెంచారు" అంటాం, పెరిగింది అన్నా దాని వెనక ఎవరో పెంచారనే మన మనసులో ఉంటుంది.

ఉద్యోగుల డీఏ ఉంది చూడండి, తెలుగులో కరువు భత్యం అని చక్కటి మాట, అది ధరల సూచీకి ముడిపడి ఉంటుంది కాబట్టి కేంద్ర ఉద్యోగులకి ఏడాదికి రెండుసార్లు లెక్క కడతారు. ముసలివాళ్ళ పింఛనుకి ఆ ముడి లేదు. కేంద్రం 1995 ఆగస్టు 15న నెలకి 75 రూపాయలతో మొదలుపెట్టింది, 2006లో 200 చేసింది, 80 ఏళ్ళ లోపు వాళ్ళకి కేంద్రం వాటా ఆ తర్వాత కదల్లేదు. 80 దాటితే 500, అది 2011 నాటి మాట, వితంతువులకి 300, అది 2012 నాటిది. 2025-26 బడ్జెట్‌లో ఈ పింఛన్లున్న సామాజిక సహాయ పథకానికి 9,652 కోట్లు పెట్టారు, అంతకుముందు ఏడాదీ అదే 9,652. ఇక్కడ పెరుగుదల అని రాస్తే ఎవరూ చెయ్యి వెయ్యకపోయినా అదే ఎదుగుతుంది అన్నట్టు ఉంటుంది, నాకు అది తప్పు మాట అనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: కరెక్టే సర్. పెరుగు అకర్మకం, పెంచు సకర్మకం. కాకపోతే పెంపకం, పెంపుడు కొడుకు కూడా ఆ పెంచు నుంచి వచ్చినవే కదా, పాత కావ్యాల్లో "పెంపు" అంటే గొప్పతనం. నేనైతే పిల్లాడికి ఈ మూడూ చెప్తాను.

జవాబు: అన్నా, మా తెలంగాణ దిక్కు ఇంకో ముచ్చట ఉంది. రాష్ట్ర సర్కారు ఇచ్చే ఆసరా పింఛన్ 2014ల వెయ్యి రూపాయలతోని షురూ అయింది, 2019ల 2,016 చేసిన్రు, వికలాంగులకు 3,016. ఆ పదహారు ఎక్కడిది? పెండ్లిల చదివించే నూటపదహార్లదే కదా. చదివింపు అంటే ఇష్టంతోని ఇచ్చేది, హక్కుతోని అడిగేది కాదు. అంకెలనే భాష ఉన్నది, నాకైతే మస్తు ఆలోచన అయింది.

జవాబు: తమ్ముడూ, పదహార్లు అంటే గౌరవం కూడా కదా, పంతులుగారికైనా పండితుడికైనా అలాగే ఇస్తాం, భిక్షం ఎవరూ నూటపదహారు వెయ్యరు. నేను దాన్ని చిన్నచూపుగా చూడలేను.

జవాబు: నిజమే అక్కా, గౌరవం ఉన్నది, కాదంటలేను. గని ఎంత పెట్టాల్నో పెట్టేటోళ్ళే అనుకుంటరు గద, నేననేది గదే.

జవాబు: మాది తూర్పుగోదావరండి. 2024 జూలై 1న మా నాయనమ్మకి ఇంటికొచ్చి 7,000 ఇచ్చారు, పింఛను 3,000 నుంచి 4,000 చేశారు కదా, ఏప్రిల్ నుంచి లెక్కేసి ఆ మూడు నెలల తేడా మూడు వేలు కలిపారు. పేపర్లన్నీ "పెంపు" అనే రాశాయి. ఆవిడ మాత్రం నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, పక్కింటావిడ ఎంత పెంచారమ్మా అంటే "నాలుగు వేలు చేశారే, పాత బాకీ కూడా తీర్చేశారు" అంది. బాకీ అన్న మాట మీ ఇళ్ళల్లో ఇంకెవరైనా అన్నారా? పెంపు, పెరుగుదల రెండిటికన్నా నాకు అదే నచ్చింది.