జార్జ్ హారిసన్ పాటలకు ఆల్బమ్‌లో చోటు: మీరైతే ఏది తీసి ఏది పెట్టేవారు?

పాతరికార్డు (విజయవాడ)
1960ల ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ బీటిల్స్‌ను వినేవాళ్ళు ఇక్కడ పదిమందైనా ఉన్నారని ఈ మాట ఎత్తుతున్నాను. నిన్న రాత్రి కాగితం పెట్టుకుని, అందులో గిటారిస్ట్ జార్జ్ హారిసన్ రాసిన పాటలు లెక్కేశాను. బ్యాండ్ ఉన్నన్నాళ్ళూ రికార్డుల మీద అతని పేరుతో వచ్చినవి మొత్తం 22. అంతే! 1963లో విత్ ద బీటిల్స్‌లో ఒకటి. 1964లో వచ్చిన రెండు ఆల్బమ్‌లలో ఒక్కటీ లేదు. ఎ హార్డ్ డేస్ నైట్‌కి మన సినిమావాళ్ళ భాషలో చెప్పాలంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీలది సింగిల్ కార్డు, 13 పాటలూ వాళ్ళవే. ఆ తర్వాత హెల్ప్‌లో రెండు, రబ్బర్ సోల్‌లో రెండు, రివాల్వర్‌లో మూడు, సార్జెంట్ పెప్పర్‌లో ఒకటి. 30 ట్రాకుల వైట్ ఆల్బమ్‌లో నాలుగు. ఆబీ రోడ్‌లో రెండు, లెట్ ఇట్ బీలో రెండు. మిగతావి సింగిల్స్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డులు) వెనకవైపూ, సినిమాల కోసం వచ్చిన రికార్డుల్లోనూ సర్దినవి.

ఆబీ రోడ్‌లోని ఆ రెండూ సమ్‌థింగ్, హియర్ కమ్స్ ద సన్ అని గుర్తుచేసుకుంటే ఈ లెక్క నాకు మింగుడుపడదు. మీరు అతని పాటల్లోకి ఎలా వచ్చారు? మీ చేతికే ఇస్తే ఏ ఆల్బమ్‌లో ఏది తీసి అతనిది ఏది పెడతారు? కారణం కూడా రాయండి.

సికింద్రాబాద్_బేస్
అన్నా, నా కథ చెప్తా. ఇంజనీరింగ్‌ల మాది నలుగురి బ్యాండ్. పాటలు రాసేటోళ్ళు ఇద్దరు, ఇద్దరూ మంచిగ రాస్తుండిరి. నేను బేస్ వాయించేటోన్ని. ఐదు పాటలతోని ఒక ఈపీ చేద్దామని పైసలు జమ చేసినం. నేను గూడ ఒక పాట రాసిన. రిహార్సల్‌ల రెండుసార్లు వాయించిన్రు, మూడోసారి "తర్వాత సూద్దాం రా" అన్నరు. గొడవ ఏం గాలె. ఎవ్వరు బాగలేదని అనలె. గదే ఎక్కువ బాధైంది, ఎందుకంటె బాగలేదంటే మార్చుకుంటుంటి.

ఆ ఎండకాలంలనే వైట్ ఆల్బమ్ ఇన్న. వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్ గురించి సదివితే కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. 1968 జులైల జార్జ్ ఒక్కడే గిటార్ పట్టుకొని పాడిన టేక్ ఉంది, తర్వాత వచ్చిన బీటిల్స్ సంకలనం ఆంథాలజీ 3ల దొర్కుతది. తర్వాత బ్యాండ్‌తోని చేస్తే మిగతోళ్ళు మనసు పెట్టలె. సెప్టెంబర్ 6 నాడు గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్‌ని స్టూడియోకి పట్కపోయిండు. బీటిల్స్ రికార్డుల బయటోళ్ళు వాయించరని క్లాప్టన్ ఎనకాడితే, పాట నాది, నువ్వు వాయించాలె అన్నడట. అతిథి వచ్చినంక అందరు సక్కగ కూసోని వాయించిన్రు. మన పాట మంచిగ వాయించాలంటే ఇంటికి సుట్టాన్ని పిలువాలె. గీ సంగతి బ్యాండ్ల ఉన్నోనికే సమజైతది.

నేను తీసేది: రెవల్యూషన్ 9. పాట గాదది, సప్పుళ్ళన్ని అతికించిన ట్రాక్. ఎనిమిది నిమిషాల మీద ఉంటది. దాని జాగల నాట్ గిల్టీ పెడ్త. ఆగస్టుల ఆ పాటకు టేకుల నంబర్ 102 దాక పోయింది. గన్ని టేకులు తీసి ఆఖరికి ఆల్బమ్‌ల పెట్టలె. జార్జ్ దాన్ని 1979ల సొంత ఆల్బమ్‌ల మళ్ళ చేసిండు.

నాలుగోతీగ
బ్రదర్, మీ పాట సంగతి చదివి మనసుకు కష్టంగా అనిపించింది. కానీ జార్జ్ విషయంలో నేను రెండో పక్క మాట్లాడతాను, ఎందుకంటే ఈ చర్చ ఎప్పుడూ ఒకవైపే నడుస్తుంది.

గిటార్ నేర్చుకుంటూ బీటిల్స్ పాటలు వరసబెట్టి, వచ్చిన క్రమంలోనే సాధన చేశాను. జార్జ్ మొదటి పాట డోంట్ బాదర్ మీ 1963లో బోర్న్‌మత్‌లో హోటల్ గదిలో ఒంట్లో బాగాలేక పడుకుని, అసలు తనకు పాట రాయడం వస్తుందా లేదా చూద్దామని రాసింది. వాయిస్తుంటే అది తెలుస్తుంది. అదే ఆల్బమ్‌లో పాల్ పాట ఆల్ మై లవింగ్ ఉంది. పక్కపక్కన పెట్టండి. 1964లో యూ నో వాట్ టు డూ అని జార్జ్ ఒక డెమో చేశాడు, అది 1995 దాకా బయటికి రాలేదు. ఇప్పుడు వింటే, ఎందుకు వదిలేశారో నాకు ఆశ్చర్యం లేదు.

జాన్, పాల్ రికార్డింగుకు రాకముందే కొన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చుని రాశారు. వాళ్ళ కచ్చా పాటలన్నీ ఎవరి చెవినా పడకుండా పోయాయి. జార్జ్ నేర్చుకోవడం మాత్రం లోకం ముందు, రికార్డు మీద జరిగింది, అదీ ఒంటరిగా. కాబట్టి 1965 దాకా ఒకటీ రెండూ ఇవ్వడం సరైన తీర్పే. నా ఫిర్యాదు ఆ తర్వాతి కాలం మీద. 1966లో టాక్స్‌మ్యాన్‌తో రివాల్వర్ మొదలవుతుంది. ఆల్బమ్ మొదటి పాటే అతనిది! అక్కడికి వచ్చాక కూడా పాత లెక్కే కొనసాగించారు. అది వినిపించుకుని ఇచ్చిన తీర్పు కాదు, అలవాటు.

రెవల్యూషన్ 9 తీయను. ఆ ఆల్బమ్ ఆ పిచ్చితోనే ఆ ఆల్బమ్ అయింది.

మృదంగం_నడక (రాజమండ్రి)
నేను రాక్ మనిషిని కాదండి. మృదంగం నేర్చుకున్నాను. మా తమ్ముడు సార్జెంట్ పెప్పర్‌లోని జార్జ్ పాట విదిన్ యూ వితౌట్ యూ వినిపించి "అక్కా, ఇది ఏ తాళమో చెప్పు" అన్నాడు. పాడే భాగం పదహారు మాత్రలు, మధ్యలో వాద్యాలు మాట్లాడుకునే చోట ఐదు మాత్రల నడక, మన చెవికి ఖండ చాపు తాళంలా తగులుతుంది. స్వరాలు హరికాంభోజి రాగానికి దగ్గర. రవిశంకర్ గారు ఆలిండియా రేడియో కోసం చేసిన ఒక పెద్ద రచన ఆధారంగా ఆ పాట కట్టానని జార్జే చెప్పుకున్నాడు. మన ఆకాశవాణి ఎక్కడ, సార్జెంట్ పెప్పర్ ఎక్కడ! లండన్‌లో ఉన్న భారతీయ వాద్యకారులు వాయించారు, మిగతా ముగ్గురు బీటిల్స్‌లో ఒక్కరూ అందులో లేరు.

తమాషా ఏమిటంటే, ఆ ఆల్బమ్‌కి జార్జ్ మొదట తెచ్చిన పాట ఇది కాదు. ఓన్లీ ఎ నార్తర్న్ సాంగ్. దాన్ని పక్కన పెట్టేశారు, తర్వాత ఎల్లో సబ్‌మెరీన్ రికార్డుకి వెళ్ళింది. ఆ పాట కడుపుమంటతో రాసింది. అతని పాటల హక్కులున్న నార్తర్న్ సాంగ్స్ కంపెనీలో అతనికి ఉన్నది చాలా చిన్న వాటా, తన పాట మీద వచ్చే డబ్బులో పెద్ద భాగం ఎవరికో పోయేది. ఆ తిరస్కారం మంచికే అయిందనిపిస్తుంది నాకు. కోపంలో వచ్చిన పాట పోయింది, శ్రద్ధతో కట్టిన పాట వచ్చింది. రెండో సైడ్ మొదట పెట్టారు చూడండి, అదీ సరైన చోటు. రికార్డు తిరగేసి, కాస్త గుక్క తిప్పుకుని వినాల్సిన పాట అది. చాలామంది దాన్ని దాటేస్తారని విన్నాను. దాటేయకండి, దయచేసి.

పాతరికార్డు (విజయవాడ)
మృదంగం గారూ, మరి హియర్ కమ్స్ ద సన్ మధ్యలో వచ్చే "సన్ సన్ సన్" లెక్క ఎప్పుడైనా వేశారా?

మృదంగం_నడక (రాజమండ్రి)
వేయకుండా ఉంటానా అండి! మూడు, మూడు, మూడు, రెండు, అంటే పదకొండు. తర్వాత నాలుగు అక్షరాలు నిండుగా. తర్వాత ఏడు. మళ్ళీ మొదటికి. చేత్తో వేసుకుంటే ఎంత హాయిగా కుదురుతుందో. నేర్చుకున్న సితార్ పక్కన పెట్టేసిన తర్వాత కూడా ఆ చదువు అతని చేతిలో ఉండిపోయింది.

నాలుగోతీగ
అది వాయించేవాళ్ళకు: కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) ఏడో ఫ్రెట్ మీద పెట్టి డి కార్డ్ ఆకారంతో మొదలుపెట్టండి. కాపో లేకుండా ప్రయత్నించి రెండు నెలలు పోగొట్టుకున్నాను. 1969 వసంతంలో ఆఫీసు మీటింగ్ ఎగ్గొట్టి, క్లాప్టన్ ఇంటి తోటలో కూర్చుని రాసిన పాట అది. ఇవాళ స్పాటిఫైలో బీటిల్స్ పాటలన్నిట్లోకీ ఎక్కువసార్లు విన్నది అదే, 2023లో వంద కోట్ల సార్లు దాటింది.

డాలస్_గోదారి
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. 2021లో బీటిల్స్ 1969 జనవరి రికార్డింగుల మీద గెట్ బ్యాక్ డాక్యుమెంటరీ వచ్చినప్పుడు మా అబ్బాయితో కలిసి మూడు రాత్రులు చూశాను. వాడికి అప్పుడు పదిహేడేళ్ళు. 1969 జనవరిలో జార్జ్ ఆల్ థింగ్స్ మస్ట్ పాస్ వినిపిస్తుంటాడు, మిగతావాళ్ళు పక్కన వాయిస్తారు, హార్మనీలు కూడా కలుపుతారు, కానీ ఎవరూ దాన్ని ఒడ్డుకు చేర్చరు. "అమ్మా, వాళ్ళకి వినపడట్లేదా?" అన్నాడు మా వాడు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను ఉద్యోగంలో మీటింగుల్లో చాలా ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని. వినపడుతుంది. వినపడినా, గదిలో ఎవరి మాటకు ఎంత చోటో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది.

జార్జ్ జనవరి 10న బ్యాండ్ వదిలి వెళ్ళిపోయాడు. పదిరోజులు దాటాక తిరిగొచ్చాడు. నెలాఖరుకు జాన్‌తో చెప్తాడు, నా వాటా లెక్కన చూస్తే వచ్చే పదేళ్ళకు సరిపడా పాటలున్నాయి, సొంతంగా ఒక ఆల్బమ్ చేసుకుంటానని. ఎంత మెల్లగా చెప్తాడో. జాన్ కాదనడు.

ఇక నా మార్పు: లెట్ ఇట్ బీలో డిగ్ ఇట్, మ్యాగీ మే ఉన్నాయి. రెండూ కలిపి నిమిషంన్నర. అవి తీసి ఆల్ థింగ్స్ మస్ట్ పాస్. నిడివి పెరుగుతుంది, పెరగనివ్వండి. అదే ఆల్బమ్‌లో ఐ మీ మైన్ అసలు ఒకటిన్నర నిమిషమే ఉంటే నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఒక భాగాన్ని మళ్ళీ అతికించి పొడుగు చేశాడు. చోటు లేక కాదు కదా!

నాలుగోతీగ
ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. ఆ పాట కోసం జార్జ్ కూడా పట్టు పట్టలేదు. పాల్ అయితే తన పాటను అందరితో ముప్పైసార్లయినా వాయించేవాడు.

డాలస్_గోదారి
ఐదారేళ్ళు "తర్వాత చూద్దాం" విన్న మనిషికి పట్టు ఎక్కడ మిగులుతుంది? మీరు చెప్పింది నిజమే, కానీ ఆ మెత్తదనం ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. ఫిబ్రవరి 25న, తన 26వ పుట్టినరోజున, ఒక్కడే స్టూడియోకి వెళ్ళి సమ్‌థింగ్, ఓల్డ్ బ్రౌన్ షూ, ఆల్ థింగ్స్ మస్ట్ పాస్ మూడూ డెమో చేసుకున్నాడు. పుట్టినరోజు నాడు ఒక్కడే. పట్టు లేని మనిషి చేసే పని కాదది.

నాలుగోతీగ
ఈ కోణం నాకు తట్టలేదండి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాతరికార్డు (విజయవాడ)
నా వంతు. ఆబీ రోడ్‌లో పాల్ పాట మ్యాక్స్‌వెల్స్ సిల్వర్ హామర్ తీసేస్తాను, అక్కడ ఇజింట్ ఇట్ ఎ పిటీ. అది 1966 నాటికే అతని దగ్గర ఉంది.

నాలుగోతీగ
పాట మంచిదే, కానీ అక్కడ కుదరదండి. మొదటి సైడ్‌లో సమ్‌థింగ్ తర్వాత వెంటనే అంత నెమ్మది, అంత బరువు ఉన్న పాట పెడితే రెండూ దెబ్బతింటాయి. మ్యాక్స్‌వెల్ నాకూ ఇష్టం లేదు, అయినా ఆ చోట తేలికైనది ఒకటి కావాలి. ఓల్డ్ బ్రౌన్ షూ పెట్టి చూడండి. పాల్ పాటలా ఊపు ఉంటుంది, పైగా దాన్ని సింగిల్ వెనక పడేశారు.

పాతరికార్డు (విజయవాడ)
ఇప్పుడే ప్లేలిస్ట్‌లో అలా పెట్టి విన్నాను. మీరు చెప్పిందే సరి. సమ్‌థింగ్ అయిపోగానే ఆ పియానో దూకుతూ వస్తుంటే గది వెలుగు మారినట్టుంది.

ఇంకోటి. 1969 సెప్టెంబర్‌లో జాన్, పాల్, జార్జ్ మాట్లాడుకున్న టేపు ఒకటుందని 2019లో బయటపడింది. తర్వాతి ఆల్బమ్‌కి ముగ్గురికీ తలా నాలుగు పాటలు, డ్రమ్మర్ రింగో కావాలంటే రెండు అని ప్రతిపాదించింది జాన్. అదే సంభాషణలో పాల్, ఈ ఆల్బమ్ దాకా జార్జ్ పాటలు అంత బాగుండేవి కావనుకున్నానన్నట్టు మాట్లాడతాడు. అది ఇష్టాయిష్టాల సంగతి, జనానికి నా పాటలు నచ్చాయి కదా అన్నది జార్జ్ జవాబు. సమాన వాటా మాట వచ్చేసరికి ఆ అనుకున్న కొత్త ఆల్బమే లేకుండా పోయింది.

సికింద్రాబాద్_బేస్
వచ్చింది గదా అన్నా, జార్జ్‌ది! 1970 నవంబర్ ఆఖరుల ఆల్ థింగ్స్ మస్ట్ పాస్. మూడు ఎల్పీలు, 23 ట్రాకులు. అటు అమెరికాల, ఇటు ఇంగ్లండ్‌ల నంబర్ వన్. మై స్వీట్ లార్డ్ సింగిల్ గూడ నంబర్ వన్, నలుగుట్ల విడిగ ఆ జాగకు ముందుగాల పోయింది జార్జే. కట్ట తెగిన చెర్వు లెక్క ఒక్కసారే వచ్చినయ్ పాటలు.

మృదంగం_నడక (రాజమండ్రి)
మై స్వీట్ లార్డ్ చివర్లో వెనక గొంతులు జాగ్రత్తగా వినండి. "గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః" శ్లోకం పూర్తిగా ఉంది. రోజూ బడి ప్రార్థనలో చెప్పిన శ్లోకం, మొదటిసారి ఆ పాటలో పోల్చుకున్నప్పుడు నేను వంటింట్లో ఉన్నాను, పొయ్యి కట్టేసి నిలబడిపోయాను.

డాలస్_గోదారి
ఆ పాట ట్యూన్ మీద కోర్టు కేసు పడి, 1976లో తెలియకుండానే ఇంకో పాటను అనుసరించావని తీర్పొచ్చింది. అయినా నాకు ఆ పాట మీద ప్రేమ తగ్గలేదు.

సికింద్రాబాద్ తమ్ముడూ, మీ పాట ఏమైంది? అది చెప్పకుండా వదిలేశావు.

సికింద్రాబాద్_బేస్
ఫోన్ల రికార్డ్ చేసింది ఉంది అక్కా. హాస్టల్ రూంల, నేను ఒక్కన్నే, గిటార్ మీద. పదకొండేండ్లాయె, ఎవ్వలికి ఇనిపియ్యలె.

నాలుగోతీగ
ఇక్కడ పెట్టండి. బాగుంటే బాగుందంటాను. ఎక్కడైనా బాగా లేకపోతే ఏ లైన్ దగ్గరో కూడా చెప్తాను.

సికింద్రాబాద్_బేస్
గదే గావాలె నాకు. ఆదివారం రాత్రికి పెడ్త. ఫ్యాన్ సప్పుడు వస్తది ఎనక, రెండో చరణంల దోస్తు తలుపు కొడ్తడు. అట్లనే ఇనుర్రి.