సంక్రాంతి సెలవుల్లో కూనూరు: టీ ఫ్యాక్టరీ నడుస్తుండగా చూడాలంటే?

గుంటూరు_ప్రయాణం:
అమ్మానాన్నలతో కలిపి నలుగురం జనవరి 13 నుంచి 16 దాకా నీలగిరికి వెళ్దామనుకుంటున్నాం. బోటింగు, పార్కులు ముఖ్యం కాదు. ఆకు కోత, టీ పొడి తయారీ దగ్గరుండి చూడాలి. ఎక్కడ దిగితే మంచిది? కారా, రైలా? నాన్నకు మోకాళ్ల నొప్పులు.

ఆకుపచ్చ_కొండ:
ముందు తేదీలు మార్చండి. తోటల్లో పనిచేసేది ఎక్కువగా తమిళులే, వాళ్లకు ఆ రోజుల్లోనే పొంగల్. కోత ఉండదు, మిషన్లు ఆగిపోతాయి. వారం తర్వాత వెళ్లండి, సోమవారం మాత్రం వద్దు. సాయంత్రం వచ్చిన ఆకును రాత్రంతా, అంటే 12 నుంచి 18 గంటలు వాడబెట్టి, మర్నాడు మిషన్లో వేస్తారు. ఆదివారం కోతకు సెలవైతే సోమవారం వేయడానికి ఆకే ఉండదు. జనవరిలో మంచు వల్ల దిగుబడి ఎలాగూ తక్కువ, కాబట్టి ముందురోజు ఫోన్ చేసి 'రేపు మిషన్ నడుస్తుందా' అని అడగండి.

మకాం ఊటీలో కాకుండా కూనూరులో పెట్టండి, తోటలు చుట్టూనే ఉంటాయి. ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్లండి. సరిగ్గా వడలిన ఆకును గుప్పిట్లో నొక్కి వదిలితే ముద్దలా ఉండి మెల్లగా విచ్చుకుంటుంది, కాడ వంచితే విరగదు. సీటీసీ రోలర్లలో (ఆకును నలిపి, చించి, గింజల్లా చుట్టే మిషన్) నలిగాక గంట, గంటన్నరలో పచ్చరంగు పోయి రాగిరంగు వస్తుంది, పచ్చి వాసన పోయి పండు వాసన వేస్తుంది. అక్కడ కాసేపు నిలబడండి, మొత్తం తయారీలో చూడాల్సింది అదే. కిలో పొడికి నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కావాలి. వాడబెట్టే తొట్లు తరచూ మేడ మీద ఉంటాయి. నాన్నగారికి మెట్లు కష్టమైతే కింది అంతస్తు మాత్రం చూపించమనండి.

ఘాట్‌రోడ్డు:
పెద్దవాళ్లతో రైలే మేలు. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు, అక్కడి నుంచి 35 కిలోమీటర్లు మేట్టుపాళయం. పొద్దున 7.10కి అక్కడ బయల్దేరి కూనూరు మీదుగా ఊటీ వెళ్లే టాయ్ ట్రైన్‌కు టికెట్లు ముందే బుక్ చేయాలి, లేకపోతే దొరకవు. కూనూరుకు మూడు గంటలు పైనే. పెట్టెల్లో టాయిలెట్ ఉండదు, దారిలో హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజిను నీళ్లు పట్టేటప్పుడు దిగాలి. సీట్లు ఇరుకు, మోకాళ్లకు ఇబ్బందే. అది కుదరకపోతే బస్సు ఉంది.

కారైతే నీలగిరిలోకి రావడానికి ఈ-పాస్ (అనుమతి పత్రం) తప్పనిసరి, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మైసూరు మీదుగా వస్తే బండీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. మసినగుడి దగ్గర కల్లట్టి ఘాట్ జోలికి వెళ్లొద్దు, 36 హెయిర్‌పిన్‌లు. గూడలూరు దారి పట్టండి. దిగేటప్పుడు రెండో గేరులోనే రావాలి. అస్తమానం బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు పోతుంది. లీటరు, రెండు లీటర్ల ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసాలు తెచ్చుకోండి.

గుంటూరు_ప్రయాణం:
చాలా థ్యాంక్సండి, తేదీలు మారుస్తున్నాం. ఏ పొడి కొనాలి? మా ఇంట్లో అంతా పాల టీయే.

ఆకుపచ్చ_కొండ:
అయితే సీటీసీయే తీసుకోండి, గింజలా ఉండేది. డస్టు (బాగా మెత్తటి పొడి) తీసుకుంటే కొంచెంతోనే రంగొస్తుంది గానీ ఎక్కువ మరిగితే వగరు. పొడవాటి ఆకులా ఉండే ఆర్థడాక్స్ ఖరీదు ఎక్కువ, పాలల్లో మరిగిస్తే దాని సువాసన మొత్తం పోతుంది. ఆర్థడాక్స్ వంద గ్రాములు విడిగా కొని, మరిగి దించిన కప్పు నీళ్లలో 2 గ్రాములు వేసి, మూత పెట్టి మూడు నిమిషాలకు వడకట్టి పాలు లేకుండా తాగి చూడండి. జనవరి ఆకు రుచి అందులోనే తెలుస్తుంది.