‘కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్’ను తెలుగులో ఏమందాం?

ప్రశ్న: 1942 నాటి విశాఖ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నానండీ. అందులో ‘నంబర్ 6 కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్’ అని ఉంది. ‘6వ నంబరు తీరరక్షణ విమానం’ అనొచ్చా?

జవాబు: వద్దండీ. వాయుసేన వాడుకలో ఫ్లైట్ అంటే విమానం కాదు. కొన్ని విమానాలు, వాటి పైలట్లు, మెకానిక్కులు అంతా కలిపి ఒక ఫ్లైట్. స్క్వాడ్రన్ కన్నా చిన్నది. ‘విమానం’ అని రాస్తే ఒక్కదాంతోనే తీరమంతా కాపలా కాశారని చదివేవాళ్లు నమ్మేస్తారు.

‘తీరరక్షణ దళం’ అందామంటే అది కోస్ట్‌గార్డ్ అనుకుంటారు, వాళ్లేమో 1970లలో వచ్చినవాళ్లు. ‘వైమానిక దళం’ అంటే మొత్తం వాయుసేనే. ‘పటాలం’ అనగానే తుపాకులు భుజాన వేసుకుని నడిచే సిపాయిలు గుర్తొస్తారు. నన్నడిగితే ‘తీరరక్షణ విమానాల జట్టు’.

మరొకరు: జట్టంటే కబడ్డీ జట్టులా లేదూ? యుద్ధం మాట కదా, బరువు ఉండొద్దూ?

జవాబు: బరువు సంగతి సరే, వాళ్లెవరో చూడండి. యుద్ధం మొదలయ్యాక భారత వాయుసేన వాలంటీర్ రిజర్వు కింద మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్‌లలో ఇలాంటి ఫ్లైట్లు పెట్టారు. ఆరోది విశాఖది. పైలట్లలో చాలామంది అప్పటిదాకా సొంత సరదాకో ఉద్యోగానికో విమానం నడిపినవాళ్లు. మొదట్లో వీటికి దక్కినవి వాపిటీలు: రెండంతస్తుల రెక్కలు, ఒకే ఇంజను, నెత్తిన కప్పు లేదు. ముందు పైలట్, వెనక తుపాకీ పట్టుకుని ఇంకొకడు, ఇద్దరూ ఎదురుగాలిలో కూర్చుని సముద్రం మీద ఓడల కోసం, జలాంతర్గాముల కోసం కళ్లు కాయలు కాచేలా చూడాలి. ఇంజను ఆగితే కింద నీళ్లే. అంత తెగువ చూపినవాళ్లను జట్టు అంటే చిన్నతనమేమీ కాదని నా నమ్మకం.

1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. పాత వాపిటీలతో అలాంటి దాడిని ఆపడం అయ్యే పని కాదు. ఆ ఏడాది చివరికల్లా తీరరక్షణ ఫ్లైట్లన్నీ రద్దయ్యాయి.

మొదట అడిగినవారికి ఇంకో జాగ్రత్త. 1942 డిసెంబరు 1న విశాఖలోనే 7వ స్క్వాడ్రన్ పుట్టింది. మీ వ్యాసంలో అదీ వచ్చే ఉంటుంది. రెండింటికీ ‘దళం’ అని వాడితే ఏది రద్దయిందో, ఏది మొదలైందో తెలీదు. స్క్వాడ్రన్‌ని స్క్వాడ్రన్‌గానే ఉంచేయండి.