9 ఎంఎం తూటా కేసుల్లో ప్రైమర్ మొండికేస్తోంది

ప్రశ్న: షూటింగ్ రేంజిలో ఏరిన 9 ఎంఎం ఇత్తడి కేసులు (పేలిన తూటాల ఖాళీ గొట్టాలు) మళ్లీ నింపుతున్నాను. పదింట్లో ఒకటో రెండో సతాయిస్తాయి. కేసు అడుగున కూర్చోబెట్టే ప్రైమర్ (దెబ్బకు పేలి మందును అంటించే చిన్న మూత) సగం దిగి నలిగిపోతుంది. నిన్న ప్రైమర్‌ను నొక్కే లివర్ మీద ఇంకాస్త బలం వేయబోయి, భయమేసి ఆగాను. తప్పు ప్రైమర్‌దా, కేసుదా?

జవాబు: ఆగి మంచిపని చేశారు, ప్రైమర్‌తో బలప్రయోగం వద్దు. తప్పు కేసుదే. అడుగున వృత్తంలో కూడిక గుర్తు ఉందా? అది నాటో సరుకు. ప్రైమర్ వెనక్కి జారి తుపాకీ ఇరుక్కోకుండా పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) అంచును నొక్కేస్తారు. ఆ నొక్కే కొత్త ప్రైమర్‌ను అడ్డుకుంటుంది. గుర్తు లేనివాటిలోనూ నొక్కు ఉండొచ్చు, అంచునే చూడండి.

మరో జవాబు: నేను మొదట ఆ నొక్కును రీమర్ అనే కోత పనిముట్టుతో గీకాను. ఉత్సాహం ఎక్కువై డజను కేసుల పాకెట్లు వదులైపోయాయి. ప్రైమర్ నిలవదు, ఇక పారేయడమే. ఇప్పుడు స్వేజరే వాడతాను. అది లోహాన్ని కోయదు, పక్కకి నెడుతుంది. కాకపోతే కేసు అడుగు మందం కంపెనీని బట్టి మారుతుంది. హెడ్‌స్టాంప్ (అడుగున ఉండే కంపెనీ ముద్ర) వారీగా వేరుచేసి స్వేజర్‌ను సెట్ చేసుకోండి, లేదంటే మళ్లీ మొదటికే.

ప్రశ్న అడిగినవారు: నా దగ్గరున్నది రీమరే. కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా తిప్పి, నొక్కు పోగానే ఆపాను. ప్రైమర్ హాయిగా దిగింది, వేలితో తడిమితే కేసు అడుగు కన్నా వెంట్రుకవాసి లోపలే ఉంది. ఇంకా రెండొందలున్నాయి, మణికట్టు ఏమవుతుందో!